అడుగూడిన కవరు, అరటి నార

కిందటి ఆషాఢంలో కడియపులంకలో, మా బాబాయి నర్సరీలో, మందారం మొక్కలు లారీకి ఎత్తుతున్నారు. మొక్కలు మోసే అత్త వరసలోంచి ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని లేపింది. మొక్క చేతిలోకి వచ్చింది, మట్టి ఆవిడ పాదాల మీద పడింది. కవరు అడుగు పళ్లెంలా ఊడి నేలకు అంటుకుని ఉండిపోయింది. అది నర్సరీల్లో వాడే నల్ల పాలిథిన్ కవరు కాదు. అరటి నార, సరుగుడు గుజ్జు కలిపి నేను చేయించిన కవరు.

"చూడమ్మాయ్, దీని పక్కది చక్కగా ఉంది. దీనికేం రోగం?" అంది అత్త.

పక్కదాన్ని నేనే ఎత్తాను. అడుగున బొటనవేలు పెట్టి నొక్కాను, అంచు పట్టి లాగాను. చిరగలేదు. మొత్తం 40 పెడితే ఆ రోజు 6 ఊడాయి. మిగతా 34 రెండు నెలలు నీళ్లలో నాని, ఎండకు ఎండి, మళ్లీ నాని కూడా నిలబడ్డాయి. అన్నీ ఒకే రోజు, ఒకే తొట్టిలో, ఒకే మూట నారతో తీసిన రేకులు. బలం చాలకపోతే నలభైకి నలభై పోవాలి కదా. అంటే జబ్బు బలంలో లేదు.

బాబాయి లెక్క వేరు. నలభైలో ఆరు పోయే కవరంటే ఆయనకు నలభైకి నలభై పనికిరానట్టే. ఏది ఊడుతుందో ముందుగా తెలియదు. రెండు రోజులు లారీలో వెళ్లి దిగేచోట అడుగూడితే కొన్నవాళ్లు ఆ ఒక్క మొక్కతో ఆగరు, మళ్లీ ఈ నర్సరీ గుమ్మం ఎక్కరు. "అమ్మలూ, నాకు గట్టి కవరు అక్కర్లేదు, అన్నీ ఒక్కలా ఉండే కవరు ఇయ్యి చాలు" అన్నాడు. నేను పదకొండేళ్లు వేరే రాష్ట్రంలో ఒక నాన్‌వోవెన్ ఫ్యాక్టరీ క్వాలిటీ ల్యాబులో పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

నాన్‌వోవెన్ అంటే నేయని బట్ట. పడుగూ పేకా ఉండవు, అల్లిక ఉండదు. పీచుని పలచటి పరుపులా పరిచి, సూదులతో గుచ్చో, సన్నటి నీటి ధారలతో కొట్టో, వేడితో అతికించో, జిగురు పట్టించో ఒక రేకుగా నిలబెడతారు. మాస్కు, శానిటరీ ప్యాడ్ మీది పొర, చంటిపిల్లల డైపరు, తుడుచుకునే తడి రుమాలు (వైప్), టీ బ్యాగు, అన్నీ ఇవే. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే రంగు సంచి కూడా ఇదే. దాన్ని చాలామంది గుడ్డ సంచి అనుకుంటారు. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. కేంద్రం 2021లో నిబంధనలు మార్చినప్పుడు ప్లాస్టిక్ నాన్‌వోవెన్ సంచి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది అందుకే.

ఇలాంటివన్నీ ప్లాస్టిక్ లేకుండా సెల్యులోజుతో, అంటే మొక్కల పీచులో ఉండే అసలు పదార్థంతో, చేయాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా పడుతున్న యాతన. మన గోదావరి డెల్టాలో ఈ మాట ఎత్తితే చాలు, అందరూ వెంటనే అరటి బోదెల వైపు చూపిస్తారు. రావులపాలెం చుట్టుపక్కల గెల నరికాక బోదెలు గట్ల మీద కుళ్లిపోతుంటాయి. గడ్డి ఉంది, కొబ్బరి పీచు ఉంది, రాజమండ్రి కాగితం మిల్లు వైపు వెళ్లే సరుగుడు లారీలున్నాయి. "ఇంత సరుకు పెట్టుకుని ప్యాడ్లు బయటినుంచి తెచ్చుకుంటామేం?" అని సభల్లో అడుగుతారు. నేనూ అలాగే మాట్లాడాను. ఆ ఆరు కవర్లు ఊడాక మాట్లాడలేను. డెల్టాకి నార కొరత లేదు, ఒక్కలా ఉండే నార కొరత ఉంది. ఆ కొరత తీర్చకుండా ఎన్ని మిషన్లు తెచ్చినా 34 నిలబడతాయి, 6 ఊడతాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మిగిలిన రేకుల్ని తూచాను. ల్యాబులో దీనికి గుండ్రటి కట్టరు ఉంటుంది, సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్ల బిళ్ల కోస్తుంది. ఆ బిళ్ల బరువుని వందతో గుణిస్తే చదరపు మీటరు బరువు వచ్చేస్తుంది. దాన్నే జీఎస్ఎం అంటారు. నా దగ్గర కట్టరు లేదు. పదమూడు సెంటీమీటర్ల స్టీలు మూత పెట్టి బ్లేడుతో కోసి, లెక్క సవరించుకుని, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టాను. నేను అనుకున్నది 60 జీఎస్ఎం. పది బిళ్లల్లో ఒకటి 41 చూపించింది, ఇంకొకటి 83. సరాసరి తీస్తే చక్కగా 60 దగ్గరికే వచ్చింది. కాగితం మీద నా రేకు ఖచ్చితంగా ఉన్నట్టే లెక్క.

తరవాత రేకుని ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాను. ఈ పని చేసేవాళ్లందరూ ముందు చేయాల్సిన పరీక్ష ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. మబ్బు పట్టిన ఆకాశంలా కనిపించింది. ఒకచోట నార ముద్ద కట్టి నల్లగా ఉంది, దాని పక్కనే వెలుతురు సూటిగా కంట్లో పడేంత పలచన. ఊడిన కవరు అడుగుని కూడా నర్సరీ నుంచి తెచ్చుకున్నాను. కడిగి, చిరిగిన అంచుని భూతద్దం కింద పెట్టాను. పీచు తెగి ఉంటే కొనలు మొండిగా, పొట్టిగా ఉంటాయి. ఇక్కడ పోగులన్నీ పొడుగ్గా, చెక్కుచెదరకుండా బయటికి వేలాడుతున్నాయి. ఒక్కటీ తెగలేదు, ఒకదాన్నుంచి ఒకటి జారి ఊడి వచ్చేశాయి. అరటి నారకి బలం లేదనే మాట అక్కడితో కొట్టుకుపోయింది. నార గట్టిదే, నారకీ నారకీ మధ్య పట్టు లేదు. ముద్ద కట్టినచోట పీచంతా పోగైపోవడంతో పక్కన పట్టు దొరకడానికి పీచే మిగల్లేదు.

1926లో బ్రిటన్‌లో పనిచేసే పియర్స్ అనే పరిశోధకుడు నూలుపోగుల బలం మీద రాస్తూ ఈ విషయాన్నే లెక్కల్లో పెట్టాడు. పోగు తెగేది దాని సరాసరి బలం దగ్గర కాదు, అతి బలహీనమైన చోట. పోగు పొడుగు పెరిగేకొద్దీ అందులో బలహీనమైన చోటు తగిలే అవకాశమూ పెరుగుతుంది, అంచేత పొడుగు పోగు తక్కువ లాగుడుకే తెగుతుంది. ల్యాబులో 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోసి లాగితే మంచి అంకె వచ్చి, అదే రేకుతో పెద్ద కవరు కుడితే ఊడటానికి కారణం ఇదే. పట్టీలో పలచటి చోటు పడకపోవచ్చు. కవరంతటిలో ఎక్కడో ఒకచోట పడుతుంది, తడి మట్టి బరువు ఆ చోటునే వెతుక్కుని నొక్కుతుంది.

మరి నా రేకు ఎందుకు మబ్బు పట్టింది? దీనికి జవాబు ఆత్రేయపురంలో దొరికింది. నిజానికి నేను అక్కడికి చుట్టాలింటికి వెళ్లాను. వాళ్ల పెరట్లో ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టల మంట, పక్కన గిన్నెలో బియ్యప్పిండి నీళ్లు. చిన్న గుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో రేకు లేస్తుంది. నేను చూస్తుండగానే రెండు రేకులు చిల్లులు పడ్డాయి. ఆవిడ పొయ్యి వంక చూడలేదు, కుండని తడమలేదు. గిన్నెలో చెయ్యి పెట్టి కలిపి, గ్లాసుడు నీళ్లు పోసింది. "పిండి చిక్కపడిపోయిందండి" అంది. తరవాతి రేకు అద్దంలా వచ్చింది.

నా తొట్టిలోనూ జరిగింది అదే. నీటిలో పీచు కలిపి జల్లెడ మీద రేకు తీయడాన్ని వెట్‌లెయిడ్ పద్ధతి అంటారు, కాగితం తయారీకి తమ్ముడి లాంటిది. కాగితానికి వాడే గుజ్జు పీచు పొట్టిది. పైన్ లాంటి మెత్త చెక్కది సుమారు 3 మిల్లీమీటర్లు, సరుగుడు, జామాయిల్ లాంటివి ఒక మిల్లీమీటరు అటూఇటూ. అవి నీళ్లలో ఒకదాన్ని ఒకటి పెద్దగా పట్టుకోకుండా తేలతాయి. పీచు పొడుగు పెరిగితే నీళ్లలో తిరుగుతూ చుట్టుకుపోయి తాళ్లు పడతాయి. అందుకే పొడుగు పీచుతో రేకు తీసేటప్పుడు కాగితానికి కన్నా ఎన్నో రెట్లు పలచగా, దాదాపు వట్టి నీళ్లేమో అనిపించేంతగా కలుపుకోవాలి. నా నారని కూలీలు కత్తిపీట మీద కోశారు. 6 మిల్లీమీటర్లన్నాను, తొట్టిలో పడినవి 4 నుంచి 30 దాకా ఉన్నాయి. పైగా బోదె బయటి పొర నార ముతక, లోపలి పొరది సన్నం, చక్రకేళీ అరటిది ఒక తీరు, బొంత అరటిది ఇంకో తీరు. అన్నీ ఒకే మూటలో వచ్చాయి. 30 మిల్లీమీటర్ల పోగు ఒక్కటి పడినా చాలు, చుట్టూ ఉన్న పొట్టివాటిని కూడా ముడేసుకుంటుంది.

ఇంజనీర్డ్ సెల్యులోజ్ పీచు అవసరం ఇక్కడే మొదలవుతుంది. పేరు బరువుగా ఉంది గానీ విషయం తేలిక. చెట్టు ఇచ్చినట్టు వాడకుండా, పొడుగు, లావు, ఆకారం, పట్టు, మనకి కావాల్సినట్టు తీర్చిన సెల్యులోజు. చెక్క గుజ్జుని కరిగించి సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా తీస్తే విస్కోస్, ఇంకో ద్రావకంతో తీస్తే లయోసెల్. 1.7 డెసిటెక్స్ పోగు, అంటే పది కిలోమీటర్ల పొడుగుకి 1.7 గ్రాములు తూగేది, దాదాపు 12 మైక్రాన్ల లావుంటుంది, తల వెంట్రుకలో ఐదో వంతో ఆరో వంతో. సూదులతో, నీటి ధారలతో బట్ట చేసేవాళ్లకి 38, 40 మిల్లీమీటర్లకు కోసి ఇస్తారు, తొట్టిలో కలిపేవాళ్లకి 6 మిల్లీమీటర్లకు. మూట విప్పితే మొదటి పోగూ లక్షో పోగూ ఒకే పొడుగు. అడ్డుకోతలో గుండ్రంగా కాకుండా మూడు రెక్కలుగా, బల్లపరుపుగా కూడా చేస్తారు. బల్లపరుపు పోగు పక్కదాన్ని ఎక్కువ మేర తాకుతుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. గుజ్జు పీచుకే రసాయనంతో అడ్డ లంకెలు వేసి వంకర తిప్పి, డైపర్లలో నీళ్లు పీల్చి కూడా అణిగిపోకుండా చేస్తారు. ఇంకా సన్నం కావాలంటే పీచుని నూరి నూరి, పోగు లోపలి నూగు పోగులు విడిపోయేదాకా తీసుకెళ్తారు. ఈ సూక్ష్మ సెల్యులోజు కొద్దిగా కలిపినా జిగురులా పట్టేస్తుంది, కానీ జల్లెడ మీద నీళ్లు దిగనివ్వదు. నేను ప్రయత్నించి వదిలేశాను.

తడి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మొక్క కవరు బతుకంతా తడిలోనే. కడియపులంక పూల మార్కెట్లో దండలు కట్టేవాళ్లని చూడండి. అరటి నారని తడిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంటారు. ఎండిన నార ముడి వేస్తుంటే పుటుక్కుమంటుంది, తడిపితే దారంలా వంగి ముడి బిగుస్తుంది. నూలుపోగు అయితే తడిస్తే పొడిగా ఉన్నప్పటికన్నా గట్టిపడుతుంది కూడా. అంటే పత్తి, అరటి లాంటి మొక్కల పీచుకి నీళ్లంటే భయం లేదు. భయమంతా అతుకులకే. కాగితంలో పీచుని పీచుతో పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, నీరు వాటి మధ్యకి దూరి విడదీసేస్తుంది. తడిసిన నోటుపుస్తకం పేజీ చేతిలో విడిపోయేది అందుకే. విస్కోస్ కూడా తడిస్తే దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది, లయోసెల్ మాత్రం చాలావరకు నిలుపుకుంటుంది. పైగా లయోసెల్‌ని తడిగా ఉన్నప్పుడు రుద్దితే పోగు మీద నూగు లేస్తుంది. చీరకైతే అది లోపం. నాకు అదే కావాలి. ఆ నూగు అరటి నార చుట్టూ చుట్టుకుంటుంది, అతుకు నీళ్లలో వదిలినా చుట్టు వదలదు.

అంచేత రెండోసారి మూడు మార్పులు చేశాను. నారని సోడాలో ఉడికించి కడిగి, దువ్వి, కాగితాలు కోసే గిలెటిన్ కట్టరు మీద కట్టలుగా పట్టి 6 మిల్లీమీటర్లకు కోయించాను. తొట్టిలో నీళ్లు నాలుగింతలు చేశాను. పీచు బరువులో పదో వంతు, కాస్త రుద్దిన లయోసెల్ వేశాను. ట్యూబులైటు ముందు పెడితే మబ్బు లేదు, పలచటి పొగమంచులా ఒకే తీరున ఉంది. పది బిళ్లలు 56 నుంచి 65 మధ్య తూగాయి. పట్టీలు లాగించి చూస్తే సరాసరి బలం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె మాత్రం దాదాపు రెట్టింపైంది. నాకు కావాల్సింది ఆ అంకే. బాబాయి అడిగిందీ అదే.

ఇది చెప్పినప్పుడల్లా ఒక మాట వస్తుంది: "బయటినుంచి పోగు కొన్నాక ఇంకా మన సరుకేంటి?" నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ పదో వంతు లేకపోతే మిగతా తొమ్మిది వంతుల్లో ఉన్న అరటి నార గట్టు మీద కుళ్లేదే. లయోసెల్ ఖరీదైనదే, గుజ్జుతో పోలిస్తే చాలా ఖరీదు. అందుకే అది ఉప్పులా ఉండాలి, అన్నంలా కాదు. విస్కోస్ విషయంలో ఇంకో అభ్యంతరం ఉంది, అది నిజమైనది. దాని తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల నరాలను దెబ్బతీసిన చరిత్ర ఉంది. లయోసెల్‌లో వాడే ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి వాడుకుంటారు. ధర ఎక్కువైనా నేను దానివైపు మొగ్గడానికి తడి బలం ఒక్కటే కారణం కాదు.

ఒకరు తేలిక దారి చూపించారు. పాలియెస్టర్, పాలిథిన్ కలిసిన పోగు 20 శాతం కలిపి వేడి చేస్తే కరిగి అతుక్కుంటుంది, రేకు సమంగానూ వస్తుంది, తడికీ లొంగదు. నిజమే, నేను ఫ్యాక్టరీలో వందల టన్నులు అలా వెళ్లడం చూశాను. కానీ మొక్క కవరుని మట్టితో సహా పాతిపెట్టేస్తాం. నార కుళ్లుతుంది, ఆ 20 శాతం కుళ్లదు, సన్నటి తుంపులై మట్టిలో ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల మధ్య నేలంతా కాలవలదీ, డ్రెయిన్లదీ. ఇక్కడ మట్టిలో కలిపింది చేలో ఆగదు. మడ అడవిలోకి, రొయ్యల చెరువులోకి, చివరికి సముద్రంలోకి పోతుంది. అరటి నార కవరని పేరు పెట్టి ఆ పని చేయడానికి నాకు చేతులు రావు.

కొబ్బరి పీచు గురించి కూడా అడుగుతారు. దానిలో లిగ్నిన్, అంటే పీచుని బిరుసు చేసే పదార్థం, ఎక్కువ, లావు వంద మైక్రాన్ల పైమాటే. గట్ల మీద పరిచే చాపలకు, పరుపులకు బంగారం లాంటిది. పలచటి రేకుకి పనికిరాదు.

అసలు నా వాదన మిషన్ల గురించి కాదు, నార గురించి. డెల్టాలో ఒక ఊళ్లో మహిళా సంఘానికి ఇచ్చిన నార యంత్రం పట్టా కప్పుకుని రెండేళ్లుగా షెడ్డులో ఉంది. నడిపేవాళ్లు లేక కాదు, తీసిన నార ఎవరూ రెండోసారి కొనలేదు. మొదటి మూట బాగుంది, రెండో మూట వేరేలా ఉంది. కొనేవాడి తప్పు లేదు, తీసినవాళ్ల తప్పూ లేదు. ఏది బాగున్నట్టో ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

టీ బ్యాగు కాగితం సంగతి చూడండి. మరిగే నీళ్లలో ముంచినా చిరగని ఆ పలచటి రేకుకి ప్రాణం అబాకా నార. అబాకా అంటే అరటి కుటుంబపు మొక్కే, మన చక్రకేళికి చుట్టం. ఫిలిప్పీన్స్‌లో ఆ నారకి గ్రేడ్లున్నాయి. బోదెలో ఏ పొరది, ఎంత శుభ్రంగా గీసింది, రంగేమిటి, మెత్తనెంత, దాన్నిబట్టే ధర. మనకిది తెలియని విద్య కూడా కాదు. భీమవరం వైపు రొయ్యకి కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో, చెప్పకుండా బేరమే మొదలవదు. ధాన్యం తేమ 17 శాతం దాటితే కాటా దగ్గర ఎంత రభస అవుతుందో ప్రతి రైతుకీ తెలుసు. అరటి నారకి మాత్రం కౌంటూ లేదు, తేమా లేదు, మూట లెక్కే.

కొవ్వూరులో అరటి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది. గెల గురించి తెలిసినంతగా బోదె గురించి, ఏ రకం ఏ పొర నార ఎంత సన్నం అని, రైతుకి అర్థమయ్యే ఒక పట్టిక కావాలి. రావులపాలెంలో ఒక నార సిద్ధం చేసే యూనిట్ కావాలి. ప్యాడ్లు కాదు, సంచులు కాదు, వట్టి నార. గీసి, ఉడికించి, కడిగి, దువ్వి, పొడుగు కొలిచి కోసి, చీటీ అంటించి మూట కట్టాలి. ఉడికించిన సోడా నీళ్లు శుద్ధి చేయకుండా కాలవలోకి వదలకూడదు, ఆ కాలవ నీళ్లే ఊళ్లు తాగుతాయి. ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. డబ్బు పెట్టేవాళ్లకి ఫొటోలో చూపించుకోవడానికి ఇందులో ఏమీ ఉండదు, అందుకే ఎవరూ ముందుకి రావడం లేదని నాకు గట్టి అనుమానం. కానీ పైన ప్యాడైనా, తడి రుమాలైనా, మొక్క కవరైనా నిలబడాల్సింది దీని మీదే.

ఈ ఏడు 200 కవర్లు పెట్టాం, నూరు వరహాలు, నందివర్ధనం. అత్త ఇప్పుడు ఎత్తేముందు ప్రతిదాని అడుగూ బొటనవేలితో నొక్కి చూస్తోంది. నేను చెప్పలేదు, ఆవిడే మొదలుపెట్టింది. ఇప్పటిదాకా రెండు పక్కన పెట్టింది. ఆ రెంటినీ కడిగి, ఆరబెట్టి, భూతద్దం పక్కన పెట్టుకున్నాను.

మొన్న నార తెచ్చే అతను రావులపాలెం నుంచి బండి మీద మూట వేసుకొచ్చాడు. మూట మీద నేను చీటీ అంటించాను: కర్పూర చక్రకేళి, నడి పొర, ఎండు నార, తేదీ. అతను దాన్ని కాసేపు చదువుకుని, "ఈ చీటీ ఉంటే రేటు మారుద్దాండి?" అన్నాడు. మారుతుంది, నడి పొర విడిగా తెస్తే కిలోకి ఎక్కువ ఇస్తానన్నాను.

"అయితే ఈసారి లోపలి పొర కూడా వేరు కట్టి తెత్తానండి" అన్నాడు.